కష్టమైన జీవితాన్ని రాయాలనుకుంటే: ఆత్మకథా, నవలా, ఇంటివాళ్ల వరకేనా?

నవంబరు దాటిందంటే విజయవాడ గవర్నరుపేట, సూర్యారావుపేటల్లోని డీటీపీ సెంటర్లలో కుర్చీ దొరకదు. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం. ఈలోపు పుస్తకం స్టాల్లోకి రావాలని అందరికీ తొందర. కవితా సంపుటికైతే ఆ తొందరవల్ల వచ్చే నష్టం నాలుగు అచ్చుతప్పులు. తాగి కొట్టిన భర్త గురించో, అప్పులపాలై పురుగుమందు తాగిన తండ్రి గురించో, చిన్నప్పుడు బంధువే చేసిన అఘాయిత్యం గురించో రాసిన పుస్తకం సంగతి వేరు. అది ఒకసారి బయటికి వెళితే వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇలాంటి రాతప్రతులు చదవడం, ప్రూఫులు దిద్దడం, రాసినవాళ్లతో కూర్చుని ఏది ఉంచాలో ఏది తీయాలో మాట్లాడటం నా పని. గుంటూరు నుంచీ, తెనాలి నుంచీ, బందరు నుంచీ వస్తుంటారు. ఎక్కువమంది ఆడవాళ్లు, ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు. సంచిలో లావుపాటి నోట్‌బుక్కులు ఉంటాయి. ‘పేరు పెట్టుకుని ఆత్మకథగా వేయమంటారా, పేర్లు మార్చి నవలగా రాయమంటారా?’ అన్నదే అందరి మొదటి ప్రశ్న. నేను ముందుగా అడిగేది ఇది: ఈ కథలో ఉన్నవాళ్లలో ఇంకా ఎవరెవరు బతికున్నారు? వాళ్లలో తమ మాట తాము చెప్పుకునే వీలు ఎవరికి ఉంది, ఎవరికి లేదు? ధైర్యం ఉందా అని అడగను. అన్ని నోట్‌బుక్కులు నింపి బస్సెక్కి తెచ్చిన మనిషిని ఆ మాట అడగక్కర్లేదు. ఏ రూపంలో రాయాలన్నది తేలేది మీ పక్కన బతుకుతున్న మనుషుల్ని బట్టి, ఆ సంఘటనకూ మీకూ మధ్య గడిచిన కాలాన్ని బట్టి.

మీకోసం రాసుకునేది, పదిమంది కోసం రాసేది

ఈ రెండూ వేరువేరు పనులు. ఒకటి చేస్తూ రెండోది చేస్తున్నామనుకోవడం వల్లే చాలా పుస్తకాలు సగంలో ఆగిపోతున్నాయి, కొన్ని రాసినవాళ్లనే మంచాన పడేస్తున్నాయి.

రాసుకుంటే మనసు తేలికపడుతుందన్న మాటకు ఆధారం ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్‌తో కలిసి 1986లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. కాలేజీ విద్యార్థుల్లో కొందరిని తమ జీవితంలోని బాధాకరమైన అనుభవం గురించి వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. మిగిలినవాళ్లు మామూలు విషయాలు రాశారు. జరిగిందీ, దానివల్ల తమకు కలిగిన బాధా రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అయితే రాసిన వెంటనే మాత్రం వాళ్ల దిగులు పెరిగింది. ‘రాసేయండి, అంతా పోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు ఈ రెండో సంగతి చెప్పరు. తర్వాత వచ్చిన పరిశోధనల్లోనూ మేలు కనిపించింది కానీ అది ఓ మోస్తరు మేలే, అందరికీ ఒకేలా అందేదీ కాదు.

అక్కడ రాసింది కాసేపు, కొద్దిరోజులు, ఊరూపేరూ బయటపడని కాగితం మీద. ఆత్మకథకు అలా కుదరదు. ఒకే రాత్రిని నెలల తరబడి తిరగరాయాలి, ప్రూఫుల్లో మళ్లీ మళ్లీ చదవాలి, ఆవిష్కరణ సభలో ఎవరో లేచి అడిగితే మైకు ముందు జవాబు చెప్పాలి. అందుకే నేనొక పరీక్ష చెబుతాను. అన్నిటికన్నా కష్టమైన ఆ రెండు పేజీలను మీరు నమ్మే ఒక మనిషి ముందు పైకి చదవండి. చదివాక ఆ రాత్రి నిద్రపట్టి, మర్నాడు మీ పని మీరు చేసుకోగలిగితే అచ్చు గురించి ఆలోచించవచ్చు. లేకపోతే ఇంకొన్నాళ్లు అది మీ నోట్‌బుక్కులోనే ఉండాలి.

గాయం పచ్చిగా ఉన్నప్పుడు చేయదగ్గ పని ఒకటుంది, వివరాలు పోగుచేసుకోవడం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇంట్లో చిక్కుకున్నవాళ్లను తీసుకోండి. నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి, పాలప్యాకెట్టు ఎవరు అందించారు, మంచంమీది ముసలావిడను ఎలా దించారు, ఏ రోజు కరెంటు వచ్చింది, ఇవన్నీ అప్పుడే రాసిపెట్టుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఇవి చెదిరిపోతాయి. తప్పెవరిది, దానివల్ల నేనేమయ్యాను అన్నవి మాత్రం ఆగితేనే తేరుకుంటాయి. మరీ ఎక్కువ ఆగినా నష్టం లేదు. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చేనాటికి ఆమెకు తొంభై దాటాయి.

రాస్తుంటే వరసగా నిద్ర కరువై, అన్నం సయించక, చచ్చిపోదామన్న ఆలోచన వస్తుంటే నోట్‌బుక్కు మూసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒకే రాత్రి, మూడు రూపాలు

రూపం మారితే ఏం మారుతుందో ఉదాహరణతో చూద్దాం. ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ధర పడిపోయిన ఏడు అప్పులు మీదపడ్డాయి. ఒక రాత్రి తాగొచ్చి భార్యను కొట్టాడు. ఇద్దరు కూతుళ్లు చూశారు. ఇప్పుడు తండ్రి లేడు. తల్లి పెద్దదైపోయింది. పెద్దకూతురు బ్రాడీపేటలో కాపురం ఉంటోంది. చిన్నది రాయాలనుకుంటోంది.

ఆత్మకథగా రాస్తే ఇలా ఉండొచ్చు:

‘నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న యార్డునుంచి వస్తే ఆయన చొక్కాకు పట్టిన మిరపఘాటుకి అమ్మ తుమ్మేది. ఆ రాత్రి అమ్మ తుమ్మలేదు, ఊపిరి బిగబట్టి నిలబడింది. మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు గుర్తులేదు. గాజులు చిట్లిన చప్పుడు గుర్తుంది.’

నవలగా:

‘పేటలో సుబ్బారావు పత్తి వ్యాపారం మునిగిన ఏడు సరోజ నానుతాడు తాకట్టుకు వెళ్లింది. ఎప్పుడు విడిపిస్తావని ఆమె అడిగిన రాత్రే అతని చెయ్యి లేచింది. పొద్దున షావుకారు ముందు కట్టుకుని నిలబడిన చేతులే అవి. కొట్టాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.’

ఇంటివాళ్లకు ఉత్తరంగా:

‘అక్కా, ఆ రాత్రి నువ్వు నా చెవులు మూశావు. నీ చెవులు ఎవరూ మూయలేదు. ఇన్నేళ్లుగా నిన్నెప్పుడూ అడగలేదు. నువ్వేం విన్నావక్కా?’

మొదటిదాని బలం ‘గుర్తులేదు’ అన్న మాటలో ఉంది. తనకు తెలిసిందేదో తెలియనిదేదో ఒప్పుకున్న మనిషిని పాఠకులు నమ్ముతారు. ఇది జరిగింది, నాకు జరిగింది అని పదిమంది ముందు నిలబడి చెప్పడం కొందరికి ఊపిరంత అవసరం. ఏళ్లతరబడి ‘అలాంటిదేం లేదు, నీ భ్రమ’ అని ఇంట్లోవాళ్లు నోరు నొక్కినవాళ్లకు నవల రాయమని నేనెప్పుడూ సలహా ఇవ్వను. కల్పన అన్న ముద్ర వాళ్లకు ఆ పాత నోరునొక్కుడులాగే తగులుతుంది. కానీ ఈ రూపంలో తల్లి కూడా పుస్తకంలోకి వస్తుంది. దెబ్బలు తిన్న మనిషిగా తన పేరు ఊళ్లోవాళ్లు చదవడం ఆవిడకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. రాసేవాళ్లు తమ బాధకు సొంతదారులే, తల్లి బాధకు మాత్రం కాదు.

నవల తండ్రి లోపలికి వెళ్లగలదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిని ఆత్మకథలో తొమ్మిదేళ్ల పిల్ల చూడలేదు, చూశానని రాస్తే అది అబద్ధం. కొట్టినవాడిని అర్థం చేసుకోవాలన్న తపన ఉన్నవాళ్లకు నవలే దారి. పది సంఘటనలను ఒక రాత్రిలోకి కుదించవచ్చు, అక్కను తీసేయవచ్చు, ఊరు మార్చవచ్చు. దీనికి చెల్లించే మూల్యం, ‘బాగా ఊహించారండీ’ అన్న పొగడ్త. సభలో ఆ మాట విని నవ్వుతూ నమస్కారం పెట్టగలరా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

రెంటి మధ్యా మూడో పేరొకటి వాడుకలో ఉంది, ఆత్మచరిత్రాత్మక నవల. శ్రీశ్రీ ‘అనంతం’ను అలాగే పిలుచుకున్నాడు. మహాకవి జీవితం గురించి పాఠకులకు ముందే ఎంతో తెలుసు కాబట్టి అక్కడ అది చెల్లింది. పేరు తెలియని రచయితకు ఇది రెండువిధాలా చేటని నా అభిప్రాయం. బంధువులు ప్రతి పేజీనీ నిజమని చదివి మండిపడతారు, పాఠకులు ప్రతి పేజీనీ అనుమానిస్తారు. ఏదో ఒకటి తేల్చుకుని రాయడమే మేలు.

ఉత్తరం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఒకే ఒక్క మనిషి జవాబు. అక్క నుంచో, కొడుకు నుంచో, ఎప్పుడో మాట్లాడటం మానేసిన అన్న నుంచో. వెయ్యిమంది చదివినా ఆ ఒక్కరు చదవకపోతే ఆ పుస్తకం వాళ్లకు తృప్తినివ్వదు. అలాంటివాళ్లు ఉత్తరంతో మొదలుపెట్టి, ఇంటివాళ్లకు సరిపడా ప్రతులు వేసుకుని అక్కడ ఆగితే అది సగం పని కానే కాదు.

కలంపేరు పెట్టుకుంటే చాలదా అని అడుగుతారు. కలంపేరు ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి కాపాడుతుంది, బంధువుల నుంచి కాపాడదు. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య అలాగే ఉంచి పేరొక్కటీ మారిస్తే ఏదో ఒక పెళ్లిలో భోజనాల దగ్గరే బయటపడిపోతుంది.

బయటి చరిత్రతో ముడిపడిన అనుభవాల సంగతి వేరు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో ఇంట్లోవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, 1988 డిసెంబరులో వంగవీటి రంగా హత్య తర్వాత విజయవాడలో ఇల్లో దుకాణమో తగలబడగా చూసినవాళ్లు, 1991 ఆగస్టు 6న చుండూరు దళితుల ఊచకోతలో బంధువులను కోల్పోయినవాళ్లు రాస్తే, ప్రాణభయం లేనంతవరకు, సొంత పేరుతో ఆత్మకథగానే రాయాలని నేను గట్టిగా చెబుతాను. అది సాక్ష్యం. నవలగా మారిస్తే జరగనేలేదనే వాళ్లకు మనమే ఆయుధం ఇచ్చినట్టు. అయితే సాక్ష్యానికి తేదీలు తప్పకూడదు. జ్ఞాపకంలో వర్షం పడిన రోజు పత్రికలో ఎండగా ఉంటే, ఆ ఒక్క తప్పు పట్టుకుని పుస్తకమంతా కొట్టేస్తారు. ఆనాటి పేపర్లు, కేసు ఉంటే కోర్టు కాగితాలు, ఇంట్లో తారీఖులున్న రసీదులు అన్నీ దగ్గర పెట్టుకుని సరిచూసుకోవాలి.

చట్టం ఎక్కడ అడ్డొస్తుంది

‘నేను నిజమే రాశాను, నాకేం భయం?’ అన్న మాట తరచు వింటుంటాను. పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువునష్టం గురించి. రెండేళ్ల వరకు సాధారణ జైలుశిక్ష, జరిమానా, రెండూ, లేదా సమాజ సేవ విధించవచ్చు. ఈ క్రిమినల్ కేసులో నిజమని రుజువు చేస్తే చాలదు, ఆ నిజం చెప్పడం ప్రజాహితం కోసమని కూడా చూపించాలి. పేరు రాయకపోయినా ఎవరి గురించో తెలిసిపోతుంటే రక్షణ లేనట్టే. చనిపోయినవాళ్ల విషయంలోనూ, వాళ్లు బతికుంటే పరువుపోయే మాటను దగ్గరివాళ్ల మనసు గాయపరచాలన్న ఉద్దేశంతో రాస్తే అది కూడా దీనికిందికే వస్తుంది.

ఆత్మకథలకు బాగా పనికొచ్చే తీర్పు ఒకటుంది. తమిళనాట మరణశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను ఒక పత్రిక అచ్చు వేయబోతే వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1994లో చెప్పింది: కోర్టు రికార్డులతో సహా బహిరంగ రికార్డుల్లో ఉన్న సంగతులను అనుమతి లేకుండానే రాయవచ్చు, వాటిని దాటి ఒకరి సొంత జీవితంలోకి వెళితే గోప్యత హక్కు అడ్డొస్తుంది. కాబట్టి మీ భర్త మీద గృహహింస కేసు నడిచి తీర్పు వచ్చి ఉంటే, తీర్పులో ఉన్నంత మేర మీ కాళ్ల కింద నేల గట్టిగా ఉన్నట్టు. కేసే పెట్టనివాళ్లకు ఆ ఆసరా లేదు, వాళ్లు మరింత జాగ్రత్తగా తాము కళ్లారా చూసిందే రాయాలి.

లైంగిక హింసకు గురైనవాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సింది అదే న్యాయ సంహితలోని 72వ సెక్షన్. బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. మీ గురించి బయటికి రావడానికి మీరు స్వయంగా రాతపూర్వకంగా ఒప్పుకోవచ్చు. కానీ అదే మనిషి చేతిలో మీ చెల్లెలో పిన్ని కూతురో కూడా బాధపడి ఉంటే, వాళ్లెవరో తెలిసేలా రాసే హక్కు మీకు లేదు. అప్పటికి వాళ్లు మైనర్లయితే ఇంకా కఠినం. ఈ ఒక్క విషయంలో లాయరుకు చూపించకుండా అచ్చుకు ఇవ్వొద్దు.

పాత ఉత్తరాలు. తండ్రి రాసినవీ, విడిపోయిన భర్త రాసినవీ మీ బీరువాలో ఉన్నా, వాటిలోని రాతమీద కాపీరైటు రాసినవాళ్లది. వాళ్ల తర్వాత వారసులది. ఉత్తరం మొత్తం అచ్చు వేసేకన్నా అందులో ఏముందో మీ మాటల్లో చెప్పడం సురక్షితం, చాలాసార్లు బాగుంటుంది కూడా.

రాయడమా, చెప్పి రాయించడమా

చదువు అంతగా లేనివాళ్లూ, చేతులు వణికేవాళ్లూ చెప్పడమే నయం. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చాలావరకు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు నోటితో చెప్పిందే. మాట్లాడే తెలుగుకు ఉండే బలం కాగితం ముందు కూర్చోగానే పోతుందని నాకు పదే పదే అనిపిస్తుంది. ‘ఆ రోజు నే పొయ్యి రాజెయ్యలా’ అని చెప్పే మనిషి పెన్ను పట్టగానే ‘ఆ దినమున వంట చేయలేదు’ అని రాస్తుంది.

ఫోన్లో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే గూగుల్ కీబోర్డు అక్షరాలు వేసేస్తుంది. వేగంగా రాయడానికి మంచిదే. కానీ గుంటూరు యాసను అది దిద్దేస్తుంది, మధ్యలో ఆగిన మౌనం దానికి పట్టదు. మామూలు రికార్డింగు చేసుకుని తర్వాత మనిషిచేత రాయించడం నయం. ఆ మనిషి ఇంట్లోవాళ్లు కాకపోతే మంచిది. తల్లి ఏడుస్తూ చెప్పింది కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాక్యం వాక్యం వింటూ టైపు చేయడం ఎంత కష్టమో ఒకసారి ఊహించండి.

డబ్బిచ్చి రచయితచేత రాయించుకుంటే, కాపీరైటు మీకు బదిలీ చేస్తున్నట్టు కాగితం మీద సంతకం తీసుకోండి. జీవితం మీదైనా, ఆ కాగితం లేకపోతే వాక్యాల మీద హక్కు రాసినవాళ్లదని వాదన రావచ్చు.

అచ్చు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇంటివాళ్ల వరకైతే డిజిటల్ ప్రింటులో ఇరవై ముప్ఫై ప్రతులు వేసుకోవచ్చు, పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ తీసుకోవద్దు. అమ్మకానికైతే ఆఫ్‌సెట్టులో ఐదొందలు వేస్తే ప్రతికి ఖర్చు తగ్గుతుంది. ఐఎస్‌బీఎన్ మనదేశంలో ఉచితం, రచయితే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన పుస్తకం ప్రతులు కలకత్తా నేషనల్ లైబ్రరీతోపాటు చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని లైబ్రరీలకు పంపాలి. అక్కడ చేరాక ఇక అది ఎప్పటికీ ఉంటుంది. ఆ సంగతి తెలిసే నిర్ణయించుకోండి. ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసినది డీటీపీలో అను ఫాంటుకు మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, కాబట్టి మార్చాక మళ్లీ మొదటినుంచీ ప్రూఫు చూడాల్సిందే. ఆ చదువు మీకు మరీ భారమైతే వేరేవాళ్లకు అప్పగించండి.

ప్రచురణకర్త ద్వారా వెళితే లాభం, మీకు అయినవాళ్లు కాని ఒక మనిషి ఎడిట్ చేస్తారు. సొంతంగా వేసుకుంటే ఆ మనిషిని మీరే వెతుక్కోవాలి. స్నేహితులు సరిపోరు, వాళ్లు మీ బాధ చూసి ఏ వాక్యాన్నీ కొట్టేయలేరు.

ముందుగా ఎవరికి చూపించాలి

దీనిమీద రెండు వాదనలున్నాయి. అందరికీ చూపించి ఒప్పించాకే అచ్చు వేయాలని కొందరు, ఎవరికి చూపించినా పుస్తకమే రాదని కొందరు. నేను మనిషిని బట్టి చెబుతాను. మీతోపాటు గాయపడ్డవాళ్లకు, అంటే పై ఉదాహరణలో తల్లికీ అక్కకూ, వాళ్లున్న పేజీలు తప్పకుండా చూపించాలి. వద్దంటే తీసేయాలి, లేదా గుర్తుపట్టకుండా మార్చాలి. పుస్తకం బలహీనపడినా సరే. ఇక్కడ నేను రాజీపడను. గాయపరిచినవాళ్లకు చూపించాల్సిన బాధ్యత మీకు లేదు. వాళ్లకు చూపించడమంటే చాలాసార్లు బెదిరింపులకు పది నెలల గడువు ఇచ్చినట్టే. వాళ్లతో ఇంకా ఒకే ఇంట్లో ఉంటే రాతప్రతి ఆ ఇంట్లో పెట్టనే వద్దు, స్నేహితుల దగ్గరో ఈమెయిల్లోనో ఉంచుకోండి.

మధ్యలో ఉండేవాళ్లతోనే చిక్కు: చూసి ఊరుకున్న మామయ్య, తలుపు తీయని పక్కింటివాళ్లు, ‘సర్దుకుపో తల్లీ’ అన్న పెద్దమ్మ. కోపమంతా వీళ్లమీదే ఎక్కువగా పోగై ఉంటుంది, పేజీలు కూడా వీళ్ల గురించే ఎక్కువ పడతాయి. వీళ్లకు చూపించక్కర్లేదు కానీ వీళ్ల గురించి రాసిన భాగాన్ని రెండు మూడు నెలలు పక్కనపెట్టి మళ్లీ చదవండి. పెద్దమ్మ ఆ మాట అన్నప్పుడు ఆవిడకు ఎన్నేళ్లు, ఆవిడ తన సంసారంలో ఏం సర్దుకుంటోంది, మిమ్మల్ని పుట్టింట్లో ఉంచుకోగల స్తోమత ఆ ఇంటికి ఉందా అన్నవి మీకు తెలిసినంతవరకు అక్కడ రాశారో లేదో చూసుకోండి. రాయకపోతే ఆ పేజీ అచ్చుకు ఇంకా సిద్ధం కాలేదు.